మల్టిపుల్ స్క్లీరోసిస్ గలవారి దినచర్య

వేసవికాలమున ఒక గృహిణి ఉదయము 5 గంటలకు లేచి, వాకిలి చిమ్మి, ముగ్గు వేసి, పిల్లలకు భోజనపు డబ్బాలు సర్ది బడికి పంపును. 11 గంటలకు పొయ్యి యెదుట నిలుచుండి వంట చేయుచుండగా ఆమె కాళ్లు బరువెక్కును, కుడికంటి చూపు మసకబారును, చేతిలోని గరిటె పట్టు తప్పును. పంకా క్రింద గంటసేపు పడుకొనినచో చూపు తేటపడును, కాళ్లు స్వాధీనమునకు వచ్చును. సాయంకాలమునకు ఆమె అందరివలెనే తిరుగుచుండును. ఇది పలుమారులు చూచిన ఇంటివారు “పని కనబడగానే వచ్చు జబ్బు” అని పెదవి విరుతురు. కొంతకాలమునకు ఆమెకే తనయందు సందేహము పుట్టును.

ఇట్టివారిలో కొందరికి ఉన్నది సోమరితనము కాదు, మనోభ్రాంతియు కాదు. మల్టిపుల్ స్క్లీరోసిస్ అను నాడీమండల వ్యాధి. దీనికి నేడు మంచి మందులు కలవు. అయినను మందు పనిచేయునది ఒక భాగము మాత్రమే. ఎండ, పొయ్యి, నీళ్లు, మెట్లు, స్నానపుగది, నిద్ర అను నిత్యవిషయములను ఎట్లు అమర్చుకొనవలెనో తెలిసినవారికి ఈ వ్యాధితో బ్రదుకుట చాలవరకు సుకరమగును. తెలియనివారు వ్యాధివలన పడు బాధకు తోడు, తప్పించుకొనదగిన బాధను కూడ పడుచుందురు.

వ్యాధి స్వభావము

విద్యుత్తు తీగకు రబ్బరు తొడుగు ఉన్నట్లే మెదడు, వెన్నుపాము, కంటినరములలోని నాడీతంతువులకు మైలిన్ అను తొడుగు ఉండును. ఆ తొడుగు ఉన్నందుననే మెదడునుండి వెడలిన ఆజ్ఞ క్షణములో కాలివ్రేలికి చేరును. రోగములనుండి శరీరమును కాపాడవలసిన రక్షణశక్తి, ఈ వ్యాధియందు దారి తప్పి ఆ తొడుగునే శత్రువుగా భావించి దెబ్బతీయును. దెబ్బతిన్న చోట్ల గట్టి మచ్చలు ఏర్పడును. అనేక స్థలములలో గట్టిపడుట అనియే ఈ పేరునకు అర్థము. 1868లో పారిస్ నగరమున షార్కో అను వైద్యుడు ఈ మచ్చలకును రోగి లక్షణములకును గల సంబంధమును వివరించి, దీనిని ప్రత్యేక వ్యాధిగా లోకమునకు తెలిపెను.

మచ్చ కంటినరముపై పడినచో చూపు తగ్గును. కన్ను కదల్చినప్పుడు నొప్పి కలుగును. రంగులు వెలిసినట్లుండి, ఒక కంటికి ఎర్రగా కనబడు కుంకుమ రెండవ కంటికి పాలిపోయి కనబడును. వెన్నుపాముపై పడినచో కాళ్లలో తిమ్మిరి, బిగువు, మూత్రము ఆపుకొనలేకుండుట కలుగవచ్చును. కొందరికి మెడ ముందునకు వంచగానే వీపున విద్యుత్తు పారినట్లగును. సాధారణముగా లక్షణములు కొన్ని దినములలో పెరిగి, కొన్ని వారములుండి, పూర్తిగనో కొంతవరకో తగ్గును. మరల కొన్ని నెలలకో సంవత్సరములకో వేరొక చోట తలయెత్తును. కొందరిలో మాత్రము విడుపు లేక మెల్లగా పెరుగును.

ఎక్కువగా 20 మొదలు 40 సంవత్సరముల వయస్సులో ఇది బయటపడును. పురుషులకంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికము. అంటువ్యాధి కాదు, ఒకే కంచమున తినుటవలన గాని, ఒకే పడకపై నిద్రించుటవలన గాని రాదు. ఇది చలిదేశముల వ్యాధి యనియు, మన దేశమున అరుదనియు వైద్యులు చిరకాలము తలచిరి. ఎం.ఆర్.ఐ. యంత్రములు మన నగరములకు వచ్చిన పిదప, అరుదని తోచినది చాలవరకు కనిపెట్టలేకపోవుటవలననే యని తేలినది.

వేడి

మన దేశమున ఈ వ్యాధిగలవారికి మొదటి విరోధి ఎండ. 1890లో జర్మనీ దేశపు నేత్రవైద్యుడు ఊట్‌హాఫ్, కొందరు రోగులకు శ్రమపడిన వెంటనే చూపు మసకబారి, విశ్రాంతి పొందగానే తిరిగి వచ్చుటను గమనించి వ్రాసెను. దానికి కారణము శ్రమ కాదనియు, శ్రమవలన పెరిగిన దేహోష్ణమనియు తరువాతివారు కనుగొనిరి. తొడుగు పోయిన నాడీతంతువు ఎట్లో ఒకట్లు వార్తను మోయుచునే యుండును. కాని శరీరము అర డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కినను అది మోయలేక నిలిచిపోవును. పూర్వము, మంచి పరీక్షలు లేని రోజులలో, రోగిని వేడినీటి తొట్టిలో కూర్చుండబెట్టి లక్షణములు బయటపడునేమో చూచి వ్యాధిని నిర్ణయించెడివారు. నేడు ఆ పరీక్ష లేదు. మన మండువేసవి మాత్రము అడుగకయే ఆ పరీక్షను దినదినము చేయుచున్నది.

ఇక్కడ గ్రహింపవలసినది ఒకటి కలదు. వేడివలన హెచ్చిన లక్షణములు క్రొత్త మచ్చకు గుర్తు కావు. వానివలన నరములకు క్రొత్తగా చెడుపు జరుగదు. శరీరము చల్లబడినచో అవి తగ్గును. ఈ సంగతి తెలియక రోగి భయపడి ఆసుపత్రికి పరుగెత్తుటయు, అక్కడ స్టీరాయిడ్ సూదులు వేయించుకొనుటయు తరచు జరుగును. మొదట చేయవలసినది నీడకు పోయి, చల్లని నీరు త్రాగి, మెడపైనను ముంజేతులపైనను తడిగుడ్డ వేసికొని, పంకా గాలికి పడుకొనుట.

వంటగది యింటిలో అన్నిటికంటె వేడియైన గది. వేసవిలో కూర, పప్పు తెల్లవారుజామున చల్లని వేళనే ముగించుకొని, మధ్యాహ్నమునకు అన్నము మాత్రమే కుక్కరులో పెట్టుకొనుట మేలు. పొయ్యి యెదుట ఎత్తుబల్లపై కూర్చుండి పనిచేయవలెను; కిటికీలు తెరచియుంచవలెను. బయటి పనులు ఉదయము 8 గంటలలోపలనో, సాయంకాలము 6 గంటల తరువాతనో పెట్టుకొనవలెను. మేడమీది గదులు పగలంతయు ఎండను పీల్చి అర్ధరాత్రివరకు ఆవిరి చిమ్ముచుండును. ఇంటిలో రోగి పడక క్రింది అంతస్తున, ఉత్తరపు గదిలో ఉండుట మంచిది. డాబాపై తెల్లసున్నము పూసినను, కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి తడుపుచుండినను గది కొంత చల్లబడును.

నీటి కూలర్ల విషయమున ఊరినిబట్టి నడచుకొనవలెను. నీరు ఆవిరియగుటవలన చల్లదనమిచ్చు ఈ యంత్రములు రాయలసీమ, తెలంగాణము, నాగపురము, ఢిల్లీ వంటి పొడిగాలి ప్రాంతములలో వేసవియందు చక్కగా పనిచేయును. విశాఖపట్టణము, మచిలీపట్టణము, చెన్నై వంటి సముద్రతీరపు ఊళ్లలో గాలి యిదివరకే చెమ్మతో నిండియుండుటచే అవి గదిని ఉక్కపోతతో నింపును. అక్కడ పంకాయు, మంచుగడ్డ వేసిన నీటిలో తడిపిన గుడ్డయు, వసతి కలవారికి ఎయిర్ కండిషనరును నమ్మదగినవి. మంచుగడ్డను స్పర్శ లేని చర్మముపై నేరుగా పెట్టరాదు. గుడ్డలో చుట్టియే వాడవలెను. కొందరికి మితిమీరిన చలివలన కాళ్ల బిగువు హెచ్చును. అట్టివారు తమ శరీరమునకు సరిపడు మధ్యమార్గమును తామే కనిపెట్టుకొనవలెను.

పండుగనాటి తలంటు చెప్పుకొనదగిన విషయము. నూనె కారు పాదములు, జారు నేల, పొగలు గ్రక్కు నీళ్లు, మూసిన చిన్నగది: ఈ రోగికి ఇంతకంటె ప్రమాదకరమైన స్థలము ఇంటిలో వేరొకటి లేదు. తలంటు మానవలసిన పనిలేదు. నీళ్లు గోరువెచ్చగా నుండవలెను. ఎత్తైన పీటపైనో కుర్చీపైనో కూర్చుండి పోసికొనవలెను. పాదములకు నూనె రాయకూడదు. తలుపు దగ్గరగా వేసికొనవలెనేగాని గడియ పెట్టరాదు.

జ్వరము కూడ లోపలి యెండయే. డెంగూ, మలేరియా, మూత్రపు చీము, జలుబు ఏదియైనను శరీరము వేడెక్కగానే పాత లక్షణములన్నియు తిరిగి వచ్చును. జ్వరమును పారాసిటమాల్‌తో తగ్గించి, దాని కారణమునకు చికిత్స చేయించినచో అవియు పోవును.

ప్రతి సంవత్సరము మే 30వ తేదీ ప్రపంచ మల్టిపుల్ స్క్లీరోసిస్ దినము. మన దేశమున అది రోళ్లు పగులునని సామెతకెక్కిన రోహిణి కార్తె. ఆనాడు సభలు జరుపువారు వానిని సాయంకాలమునకు పెట్టుకొనినచో, ఎవరికొరకు సభయో వారు రాగలుగుదురు.

అలసట

రోగులలో అధికసంఖ్యాకులను వేధించునది అలసట. ఇది పనిచేసినవాని అలసట వంటిది కాదు. రాత్రి చక్కగా నిద్రించి లేచినను, స్నానము చేసి దువ్వుకొనునంతలోనే ఒంటిలోని సత్తువయంతయు ఎవరో తోడివేసినట్లగును. పైకి కనబడదు గనుక దీనిని ఎవరును నమ్మరు. కాళ్లు పడిపోయిన రోగికి దొరకు జాలి ఈ రోగికి దొరకదు.

మొదట వైద్యునితో చెప్పి, సరిచేయదగిన కారణములేవైన కలవేమో చూపించుకొనవలెను. మన స్త్రీలలో రక్తహీనత మెండు. థైరాయిడ్ లోపము, రాత్రి పలుమారులు మూత్రమునకు లేచుటచే నిద్ర చెడుట, మనోవ్యాకులత, కొన్ని మందులు, ఇవి అన్నియు అలసటను పెంచును. ఇవి లేవని తేలిన పిమ్మట మిగిలినదే ఈ వ్యాధి అలసట.

దానికి మార్గము పొదుపు. నెలజీతము తెచ్చుకొను గృహస్థు మొదటి తేదీననే అంతయు వ్యయము చేయడు; అద్దెకు, బియ్యమునకు, బడి రుసుముకు విడదీసి ఉంచును. రోగి తన దినపు శక్తిని అట్లే పంచుకొనవలెను. ఒక వారముపాటు ఏ పని చేసిన పిమ్మట ఎంత అలసట కలిగినదో పుస్తకమున వ్రాసికొనినచో, శక్తి ఎక్కడ ఖర్చగుచున్నదో తెలియును. తరచు అది పెద్దపనులలో కాదు, పదిసార్లు మెట్లెక్కి దిగుటలోను, ఎత్తున నున్న డబ్బాలను అందుకొనుటలోను పోవుచుండును. నిత్యము వాడు గిన్నెలను నడుమెత్తున సర్దుకొనవలెను. కూరలు బల్లపై కూర్చుండి తరుగుకొనవలెను. నేలపై కత్తిపీట ముందు కూర్చుండి లేచుటకే చాలమందికి ఒక పని చేసినంత శ్రమయగును. బట్టలు ఒకేదినము కుప్పగా ఉతుకక కొద్దికొద్దిగా ఉతుకవలెను. అలసిపోయిన తరువాత విశ్రమించుటకంటె, అలసిపోకముందే పది పదిహేను నిమిషములు విశ్రమించుట ఎక్కువ లాభకరము. ఇది చాలమందికి ఆలస్యముగా అనుభవమునకు వచ్చు సంగతి.

మంచి దినము వచ్చినప్పుడు మిగిలియున్న పనులన్నియు ఒక్కసారిగా చేసివేయుటయు, తరువాత మూడు దినములు మంచమెక్కుటయు సర్వసాధారణమైన పొరపాటు. పెండ్లిళ్లలో ఇది మరింత కనబడును. చుట్టములందరు చూచుచుండగా కూర్చుండుటకు మొగమోటపడి పెండ్లికూతురి అక్కయో వదినయో రెండు దినములు నిలుచుండి పనిచేయును. ఆమెకు కూర్చుండి చేయు పనిని, తాంబూలములు సర్దుటయో చదివింపుల లెక్క వ్రాయుటయో, ముందుగనే ఒప్పగించుట ఇంటిపెద్దల వివేకము.

పూర్వము ఈ రోగులకు వ్యాయామము కూడదని చెప్పెడివారు. ఆ మాట తప్పని తేలినది. చల్లని వేళ నడక, చల్లని నీటిలో ఈత, కుర్చీపై కూర్చుండి చేయు ఆసనములు బలమును, తూకమును కాపాడి, అలసటను సైతము తగ్గించును. కాళ్లు బిగుసుకొనువారు ఫిజియోథెరపిస్టువద్ద నేర్చుకొని పిక్కలను, తొడవెనుక కండరములను దినమునకు రెండుమార్లు మెల్లగా సాగదీయుచుండవలెను. కుదుపులతో లాగరాదు.

నీరు, మూత్రము, మలము

ఇది మాటలాడుటకు సిగ్గుపడు విషయము. అందుచేతనే దీనివలన కలుగు చెరుపు ఎక్కువ. మూత్రము వచ్చెనన్న తలపు కలిగిన వెంటనే ఆపుకొనలేకుండుట ఈ వ్యాధిలో చాలమందికి కలదు. దానికి మన స్త్రీలు చేయు ఉపాయము నీళ్లు త్రాగుట మానుట. ప్రయాణమున్న దినము ఉదయమునుండి గ్రుక్కెడు నీరైన ముట్టనివారు కలరు. ఫలితము విపరీతము. చిక్కబడిన మూత్రము సంచిని మరింత రేపి తొందర హెచ్చించును, మూత్రమున చీముపట్టును, జ్వరము వచ్చును, జ్వరముతో కాళ్లు పడిపోవును, మలబద్ధము తోడగును. ఒక్క చెంబెడు నీరు మానుటవలన ఇన్ని చిక్కులు వరుసగా వచ్చును.

దినమునకు ఒకటిన్నర మొదలు రెండు లీటర్ల నీరు, వేసవిలో అంతకు మించి, కొద్దికొద్దిగా త్రాగవలెను. మజ్జిగ, సబ్జా నీరు మంచివి. కాఫీ, తేనీరు మూత్రసంచిని రేపును గనుక తగ్గింపవలెను. నిద్రకు రెండు గంటల ముందు నీరు ఆపవచ్చును. తలపు వచ్చువరకు వేచియుండక రెండు మూడు గంటలకొకసారి గడియారము చూచి పోవుట అలవాటు చేసికొనవలెను. పోసిన తరువాతను సంచిలో మూత్రము మిగిలియున్నదేమో స్కానింగు ద్వారా తెలిసికొనవచ్చును. మిగులుచున్నచో, శుభ్రమైన సన్నని గొట్టముతో రోగియే దినమునకు కొన్నిమార్లు తీసికొను పద్ధతిని నర్సులు నేర్పుదురు. వినుటకు భయము గొలిపినను, నేర్చుకొనిన చాలమందికి ఇది బయటతిరుగు స్వేచ్ఛ నిచ్చినది. మూత్రము మంటగా, దుర్వాసనతో, మడ్డిగా ఉన్నను, జ్వరము తగిలినను వెంటనే పరీక్ష చేయింపవలెను.

మలబద్ధమునకు నీరు, ఆకుకూరలు, పండ్లు, పొట్టు తీయని ధాన్యములు, ఉదయపు ఫలహారము తరువాత నియమముగా ఒకే వేళకు పోవుట మేలు చేయును. గొంతుక్కూర్చుండుట కష్టమైనప్పుడు ఎత్తు మరుగుదొడ్డి కట్టించుకొనలేనివారు, నడుమ రంధ్రము గల కుర్చీని పాత దొడ్డిపై పెట్టి వాడుకొనవచ్చును. పట్టుకొని లేచుటకు గోడకు ఇనుపకడ్డీ ఒకటి బిగింపవలెను. తువ్వాలు వ్రేలవేయు కడ్డీని పట్టుకొని లేచుటకు యత్నించి, కడ్డీతోకూడ పడినవారు పెక్కురు.

నడక, చూపు, జ్ఞాపకము

తూకము తప్పు రోగికి గడప, తడినేల, చీకటి అను మూడును అపాయకరములు. గడపకు పసుపురంగు వేసినచో అంచు స్పష్టముగా కనబడును. పడకనుండి దొడ్డివరకు రాత్రి చిన్నదీపము వెలుగవలెను. హవాయి చెప్పులు కాలినుండి జారిపోవును. మడమ వెనుక పట్టీ గలవి తొడుగవలెను. చీర కుచ్చెళ్లు కాలికడ్డము రాకుండ చీలమండకు పైననే యుండవలెను. చేతికర్రను చాలమంది బలహీనమైన కాలివైపు పట్టుదురు. అది పొరపాటు, బలముగల కాలివైపు చేతిలో పట్టి, బలహీనమైన కాలితోపాటు ముందునకు వేయవలెను. కర్ర పట్టుటకు సిగ్గుపడి గోడలు పట్టుకొని నడచువారు చివరకు తుంటియెముక విరిగి మంచమెక్కుదురు.

పాదములలో స్పర్శ తగ్గినవారు దినమునకొకమారు అరికాళ్లను చూచుకొనవలెను. మధ్యాహ్నపు వేళ దేవాలయపు రాతినేలపై వట్టికాళ్లతో నడచుట కూడదు. కాలినది తెలియకయే బొబ్బలెక్కును. నీటివేడిని చేతివ్రేళ్లతో కాక మోచేతితో పరీక్షింపవలెను. గిన్నెలు దించుటకు మసిగుడ్డకంటె పట్టకారు మేలు.

చూపు మందగించినవారికి వెలుతురు ప్రధానము. మరపు కలవారు పనులను వ్రాసి పెట్టుకొనవలెను. ఒకేసారి రెండు పనులు తలపెట్టరాదు. మందులకు వారపు డబ్బా వాడవలెను.

మందులు

1993కు పూర్వము ఈ వ్యాధి గమనమును మార్చు మందు లేదు. ఆ సంవత్సరము అమెరికాలో బీటా ఇంటర్‌ఫెరాన్ అనుమతి పొందినది. నేడు పదికి మించిన మందులు కలవు. కొన్ని సూదులు, కొన్ని మాత్రలు, కొన్ని ఆరునెలలకొకసారి ఆసుపత్రిలో ఎక్కించునవి. వీనిలో పెక్కింటి వెల సామాన్య కుటుంబమునకు మించినది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర ఔషధముల పట్టికలో ఈ వ్యాధికి క్లాడ్రిబిన్, గ్లాటిరామర్, రిటుక్సిమాబ్ అను మూడింటిని చేర్చినది. తక్కువ వెలకు లభించు రిటుక్సిమాబ్‌ను మన దేశమున నాడీవైద్యులు చాలకాలముగా వాడుచున్నారు. ఏ మందు ఎవరికన్నది వైద్యుడే నిర్ణయింపవలెను. మందు మొదలుపెట్టుటకు ముందు క్షయ, కామెర్ల పరీక్షలును, అవసరమైన టీకాలును ముగించుకొనవలెను. రక్షణశక్తిని తగ్గించు మందులు వాడుచుండగా కొన్ని టీకాలు వేయించుకొనరాదు.

ఈ మందులు ఉన్న నొప్పిని తీయవు. రాబోవు దెబ్బలను తగ్గించును. బాగున్నదని మధ్యలో మానువారు ఈ భేదమును గ్రహింపనివారే. కండరముల బిగువునకిచ్చు బాక్లోఫెన్ మాత్రలను హఠాత్తుగా ఆపినచో మూర్ఛలు రావచ్చును. ఊరికి పోవునప్పుడు కొన్ని దినములకు అదనముగా తీసికొనిపోవలెను. శీతలములో నుంచవలసిన సూదులను వేసవి ప్రయాణమున మంచు ఫ్లాస్కులో గుడ్డ చుట్టి తీసికొనిపోవలెను. మంచుకు నేరుగా తాకి గడ్డకట్టిన మందు పనికిరాదు.

జ్వరము గాని చీము గాని లేకుండ, క్రొత్త లక్షణము 24 గంటలకు మించి నిలిచినచో అది నిజమైన దాడి కావచ్చును. వెంటనే నాడీవైద్యునికి చూపవలెను. దానికి సాధారణముగా మిథైల్ ప్రెడ్నిసొలోన్ దినమునకొక గ్రాము చొప్పున మూడు మొదలు ఐదు దినములు ఎక్కింతురు. అది కోలుకొనుటను త్వరపరచును. ప్రతి అలసటకును స్టీరాయిడ్ సూది వేయించుకొనినచో మధుమేహము, ఎముకల బలహీనత మిగులును. వ్యాధిని సమూలముగా పోగొట్టుదుమను ప్రకటనలు పత్రికలలోను గోడలపైనను కనబడుచుండును. అట్టి మందు నేటివరకు ఏ వైద్యవిధానమునను లేదు. ఏ ప్రత్యేకాహారమును దీనిని నయము చేసినట్లు రుజువు కాలేదు. పొగత్రాగుట వ్యాధిని త్వరపరచుననుట మాత్రము నిశ్చయము, మానవలెను. డి విటమిన్ తక్కువగా నున్నచో పరీక్షించి మాత్రలు ఇత్తురు.

వివాహము, సంతానము

ఈ వ్యాధి పెండ్లియీడు ఆడపిల్లలకు వచ్చుటచే మన సమాజమున దీని బరువు రెండింతలు. చాల కుటుంబములలో దీనిని దాచి పెండ్లి చేయుదురు. అత్తవారింట సూదిమందు దాచు చోటు లేక పిల్ల మందు మానును. రెండు సంవత్సరములకు దాడి వచ్చును. అప్పుడు రహస్యము బయటపడును, నరము చెడును. ఈ రెండు నష్టములును ముందుగా చెప్పినచో తప్పునవి. వరుని పక్షమువారిని వైద్యునివద్దకు తీసికొనిపోయి వారి యెదుటనే సందేహములు తీర్చుకొనుట ఉత్తమము. చెప్పినందున తప్పిపోవు సంబంధము, చెప్పకున్నచో తరువాత తప్పిపోవునదే.

గర్భము ధరించుటకు ఈ వ్యాధి ఆటంకము కాదు. 12 ఐరోపా దేశములకు చెందిన 254 మంది స్త్రీలను పరిశీలించి 1998లో ప్రకటించిన పరిశోధనలో, గర్భము చివరి మూడు నెలలలో దాడులు బాగుగా తగ్గుననియు, ప్రసవించిన మొదటి మూడు నెలలలో హెచ్చుననియు తేలినది. కనుక బాలెంతకు ఆ మూడు నెలలు రాత్రివేళ బిడ్డను ఎత్తుకొను మరియొకరి సాయము ఉండవలెను. కాన్పునకు పుట్టింటికి పంపు మన ఆచారము ఇక్కడ అక్కరకు వచ్చును; మూడవ నెల నిండకముందే తిరిగి పంపుటకు తొందరపడరాదు. బాలెంతను కుంపటి వేడిలో నుంచు అలవాటును మాత్రము ఈమె విషయమున విడిచిపెట్టవలెను. టెరిఫ్లునోమైడ్ వంటి కొన్ని మందులు గర్భస్థ శిశువునకు హానికరములు. గర్భము తలపెట్టుటకు ముందే వైద్యునితో చెప్పవలెను. తల్లిదండ్రులలో ఒకరికి వ్యాధి యున్నచో బిడ్డకు వచ్చు అవకాశము, పాశ్చాత్యదేశముల లెక్కలలో, నూటికి రెండు మూడు మాత్రమే.

ఉద్యోగము, ఇంటివారు

2016 సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 వైకల్యములలో మల్టిపుల్ స్క్లీరోసిస్ ఒకటి. ప్రభుత్వ ఆసుపత్రి వైద్యమండలి పరీక్షించి వైకల్యశాతమును నిర్ణయించి ధ్రువపత్రమిచ్చును. నూటికి 40 పాళ్లు, అంతకు మించినవారికి ఈ చట్టమున ప్రత్యేక సదుపాయములు కలవు. కొలువులో నుండగా వైకల్యము కలిగినంతమాత్రమున ప్రభుత్వోద్యోగిని తొలగింపరాదనియు, హోదా తగ్గింపరాదనియు చట్టము చెప్పుచున్నది. మంచి దినమున వైద్యమండలి యెదుటికి పోయిన రోగి ఆరోగ్యవంతునివలె కనబడును గనుక, పాత ఎం.ఆర్.ఐ. చిత్రములు, ఆసుపత్రి కాగితములు తేదీల వరుసలో ఒక సంచికయందు కుట్టి తీసికొనిపోవలెను. పంకా క్రింద కూర్చుండు చోటు, క్రింది అంతస్తున బల్ల, మధ్యాహ్నము పావుగంట విశ్రాంతి, దొడ్డికి దగ్గర గది: ఉద్యోగి అడుగవలసినవి ఇంతకంటె పెద్దవి కావు.

రోగుల సహాయార్థము 1985లో ముంబాయిలో మల్టిపుల్ స్క్లీరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా స్థాపింపబడినది. పలు నగరములలో దానికి శాఖలు కలవు. ఈ వ్యాధిలో మనోవ్యాకులత తరచు కలుగును. అది రోగి పిరికితనము కాదు, చికిత్సకు లొంగునది. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగున మాటలాడవచ్చును.

ఇంటివారు రోగిని “ఎట్లున్నావు?” అని పదిమారులు అడుగుటకంటె, “ఈపూట నేనేమి చేయవలెను?” అని ఒక్కమారు అడుగుట ఉపకరించును. అన్ని పనులు లాగివేసికొని ఆమెను మూలకు కూర్చుండబెట్టుటయు తగదు. వంటలో ఉప్పుకారము చూచుట, పిల్లల చదువు, ఇంటి జమాఖర్చు ఆమెవే కావలెను. ఆమె “ఇప్పుడు కాదు” అని కూర్చుండినప్పుడు కారణమడుగక, పొయ్యి మంట తగ్గించి, పంకా వేసి, చెంబుతో నీళ్లు అందించినచో చాలును.